వాచీ కంటే ముందు దాన్ని విప్పే మనిషిని వెతుక్కోండి

మెకానికల్ వాచీ, అదే బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేది, కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్ అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆఫీసులో ఇద్దరు, మా బావమరిది, డల్లాస్‌లో ఉన్న ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు. అడిగే టైముకే అందరి బుర్రల్లో బోలెడంత గందరగోళం ఉంటుంది, ఎన్ని జ్యువెల్స్ ఉండాలి, ఇన్‌హౌస్ మూవ్‌మెంటా కాదా, స్విస్సా జపానా, ఆటోమేటిక్ మంచిదా కీ ఇచ్చేది మంచిదా, 28,800 అంటే ఏంటి, సఫైర్ గ్లాసు లేకపోతే కొనకూడదా... ఇవన్నీ తెలుసుకోవాల్సినవే, కానీ నేను ముందు ఎదురు ప్రశ్న ఒకటి వేస్తా. మీ ఊళ్ళో కీ వాచీని పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేసి, మళ్ళీ బిగించి నడిపించగలిగే మనిషి ఒకడున్నాడా? బ్యాటరీ మార్చేవాడు కాదు, విప్పేవాడు. ఈ ఒక్కదానికి సమాధానం దొరికితే మిగతా చిక్కుముడులు సగం వాటంతటవే విడిపోతాయి. ఎందుకో చెప్తా, కొంచెం పెద్ద కథే.

1976లో మా నాన్నకి పెళ్ళిలో మా తాత ఒక హెచ్ఎంటీ జనతా పెట్టాడు. అప్పట్లో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం మర్యాద, స్తోమత ఉన్నవాళ్ళు హెచ్ఎంటీ కాంచన్ పెట్టేవాళ్ళు, అది ఆటోమేటిక్, అంటే చెయ్యి కదలికతోనే కీ ఎక్కేది, దానికి క్యూ ఉండేదట. మా తాతకి జనతా దాకానే కుదిరింది. నాన్న రోజూ పొద్దున రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యే ముందు దానికి కీ ఇచ్చి, టైము సరిచేసుకుని, అప్పుడు చేతికి పెట్టుకునేవాడు. ఆయన పోయాక అది బీరువాలో ఎనిమిదేళ్ళు ఉండిపోయింది. నేను తీసి కీ తిప్పితే ఒక నిమిషం నడిచి ఆగిపోయింది, ఊపితే మళ్ళీ పది సెకన్లు నడిచింది. రెండు మూడు షాపుల్లో చూపిస్తే "ఇది పాతదండీ, ఇందులో క్వార్ట్జ్ మెషీన్ వేసేస్తాం, బ్యాటరీతో నడుస్తుంది" అన్నారు. అలా వేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు, బయట నాన్న వాచీ, లోపల ఎవరిదో గుండె.

చివరికి బస్టాండు పక్క సందులో ఒక పెద్దాయన దొరికాడు. గాజు పెట్టె వెనక కూర్చుని కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీసి చూశాడు. "నూనె ఎండిపోయింది బాబూ, అంతే. మెషీన్ శుభ్రంగా ఉంది, మీ నాన్నగారు జాగ్రత్తమనిషి" అన్నాడు. వారం తర్వాత వెళ్తే నా ముందే చివరి స్క్రూ బిగించి, బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రాన్ని చిమటా కొసతో కాస్త కదిపాడు, అంతే, అది ఊపిరందుకున్నట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది, దానికున్న సన్నటి హెయిర్‌స్ప్రింగ్ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే ఏదో బతికున్న పురుగుని చూస్తున్నట్టే ఉంది. 600 తీసుకున్నాడు. ఆ రోజు నుంచి నాకీ పిచ్చి పట్టుకుంది.

సరే, లోపల జరిగేది అర్థమైతే కొనడం తేలికవుతుంది కాబట్టి అది చూద్దాం. వాచీ లోపలి యంత్రమే మూవ్‌మెంట్, రిపేరు వాళ్ళు దాన్ని మెషీన్ అంటారు, నేనూ అదే అంటా. కీ తిప్పితే బ్యారెల్ అనే చిన్న గుండ్రటి డబ్బాలో మెయిన్‌స్ప్రింగ్ చుట్టుకుంటుంది. దానికి వెంటనే విప్పుకుపోవాలని ఉంటుంది, వదిలేస్తే కొన్ని సెకన్లలో ముళ్ళన్నీ గిర్రున తిరిగి ఆగిపోతాయి. సినిమా హాల్లో గేటు తీయగానే జనం ఒక్కసారిగా తోసుకురాకుండా గేటు దగ్గర టికెట్ చింపి ఒక్కొక్కళ్ళనే లోపలికి వదుల్తారు చూడండి, వాచీలో ఆ పని చేసేవి ఎస్కేప్ వీలు అనే పళ్ళ చక్రం, దాన్ని పట్టి వదిలే ప్యాలెట్ ఫోర్కు. మరి గేటు ఎంతసేపటికి ఒకసారి తీయాలో చెప్పేది బ్యాలెన్స్ వీల్, వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్ దాన్ని అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. అటొకసారి ఇటొకసారి ఊగితే ఎస్కేప్ వీలు ఒక పన్ను ముందుకు కదుల్తుంది. మనకి వినపడే టిక్‌టిక్ ఆ పళ్ళు ఫోర్కుకి తగిలే చప్పుడే.

జనతాలో ఉండే 0231 మెషీన్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 5, రోజుకి 4,32,000. ఏడాదికి లెక్కేస్తే 15 కోట్ల 76 లక్షలు దాటుతుంది. ఇన్ని కోట్ల సార్లు ఆవగింజలో ఇమిడే ఇరుసులు తిరుగుతుంటే వాటికి ఉండే నూనె ఎంతో తెలుసా, కంటికి కనపడీ కనపడని చుక్క. ఆ చుక్క అయిదారేళ్ళలో చిక్కబడుతుంది, ఎండిపోతుంది, అయినా వాచీ నడుస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం, ఎందుకంటే ఎండిన ఇరుసు ఉక్కుని అరగదీసుకుంటూ నడుస్తుంది. అందుకే సర్వీసింగ్ అనేది వాచీ పాడైనప్పుడు చేయించేది కాదు, బండికి ఇంజిన్ ఆయిల్ మార్చినట్టు బాగున్నప్పుడే చేయించాలి. ఇప్పుడు అర్థమైందా ఆ మనిషి గురించి ముందే ఎందుకడిగానో.

ఇంకో సంగతి, ఆ మనుషులు ఎందుకు కనపడకుండా పోయారు? 1969 డిసెంబర్ 25న సైకో వాళ్ళు టోక్యోలో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ విడుదల చేశారు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల్లో ఇప్పుడు మామూలుగా ఉండే స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, దాంతో పోటీపడి టైము చూపించడం ఏ బ్యాలెన్స్ వీల్ వల్లా కాదు. స్విట్జర్లాండ్‌లో 1970 నాటికి వాచీ పరిశ్రమలో 90,000 మంది దాకా పనిచేసేవాళ్ళు, 80ల మధ్యకొచ్చేసరికి 30,000 చిల్లర మిగిలారు. మన దగ్గర 1984లో టైటాన్ పుట్టి క్వార్ట్జ్‌ని నమ్ముకుని బజారునంతా ఆక్రమించింది. రిపేరు షాపులకి మిగిలింది బ్యాటరీలు, బెల్టులు. తండ్రి దగ్గర మెషీన్ విప్పడం నేర్చుకున్న కొడుకు ఉన్నాడు, కానీ ఆ కొడుకు తన కొడుక్కి నేర్పలేదు, నేర్పితే కూడు పెట్టే పని కాదు కాబట్టి.

హెచ్ఎంటీ కథ కూడా అక్కడే తిరిగింది. 1953లో బెంగళూరులో మెషీన్ టూల్స్ కోసం పెట్టిన ప్రభుత్వ కంపెనీ అది, 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు, మొదటి బ్యాచ్‌ని నెహ్రూ విడుదల చేశాడు. తర్వాత తుమకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. వాళ్ళూ క్వార్ట్జ్ చేశారు, కానీ వాళ్ళ బలమంతా కీ వాచీల మీదే. 2016 జనవరిలో కేంద్రం హెచ్ఎంటీ వాచెస్‌ని మూసేయడానికి ఒప్పుకుంది, అదే నిర్ణయంలో మన హైదరాబాద్‌లో ఉన్న హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది. చింతల్ వైపు వెళ్ళేవాళ్ళకి హెచ్ఎంటీ పేరు ఇప్పటికీ అడ్రస్సులో భాగమే.

ఫ్యాక్టరీ మూతపడితే స్పేర్ పార్టులు ఎలా అని అడుగుతారు. దీనికి సమాధానం చాలా బాగుంటుంది. జనతా, పైలట్ లాంటి చాలా మోడళ్ళలో అదే 0231 మెషీన్, మన దేశంలో ఆ వాచీ లేని ఇల్లు లేదన్నట్టు అమ్మారు, కాబట్టి పాడైపోయిన పాత వాచీలే ఇప్పుడు స్పేర్ పార్టుల గోడౌన్. మా పెద్దాయన దగ్గర పాత సాక్రిన్ డబ్బాల్లో బ్యాలెన్సులు ఒకచోట, కీలు ఒకచోట, స్క్రూలు ఒకచోట పెట్టుకుని ఉంటాడు. పెద్ద స్విస్ కంపెనీలు కొన్ని బయటి రిపేరు వాళ్ళకి పార్టులు అమ్మవు, వాళ్ళ సర్వీస్ సెంటర్‌కే పంపాలి, అక్కడ ఒక్క సర్వీసింగ్‌కి పదుల వేలు అవుతుంది. అంటే చవకైన జనతాని మన సందులో బాగుచేయించుకోవచ్చు, లక్షల వాచీని చేయించుకోలేం. కొనేటప్పుడు ఎవరూ ఈ లెక్క వెయ్యరు.

ఇక జ్యువెల్స్. జనతా డయల్ మీద 17 జ్యువెల్స్ అని ఉంటుంది, దాన్ని చూసి వజ్రాలేమో అనుకున్న మా మేనత్తలు ఉన్నారు. అవి కృత్రిమంగా తయారుచేసే కెంపులు, ఇరుసు తిరిగే చోట అరుగుదల లేకుండా పెట్టే రాతి గుంటలు. లెక్క సరిగ్గా చెప్పొచ్చు, బ్యాలెన్స్‌కి పైనా కిందా రెండేసి చొప్పున 4, దాని కింద ఫోర్కుని తట్టే చిన్న రాయి 1, ఫోర్కు చేతులకి 2, ఫోర్కు ఇరుసుకి 2, ఎస్కేప్ వీలుకి 2, ఆ తర్వాత వరసగా మూడు చక్రాలకి రెండేసి 6, మొత్తం 17. కీ ఇచ్చే వాచీకి ఇంతకంటే పెద్దగా అక్కర్లేదు. ఆటోమేటిక్ అయితే రోటర్ వైపు, అంటే స్ప్రింగుని చుట్టే బరువు వైపు, ఇంకొన్ని కావాలి, 21, 24, 25 అలా ఉంటాయి. 1960ల్లో ఓరియంట్ వాళ్ళు 100 జ్యువెల్స్ వాచీ కూడా చేశారు, చాలా రాళ్ళకి అందులో పనేమీ లేదు, డయల్ మీద అంకె కోసం. కాబట్టి 24కీ 26కీ తేడా చూసి వాచీ ఎంచుకోవద్దు.

18,000, 21,600, 28,800 సంగతి కూడా ఇంతే తేలిక. సెకనుకి 5, 6, 8 సార్లు కొట్టుకోవడం. ఎక్కువ కొట్టుకుంటే సెకన్ల ముల్లు నున్నగా జారినట్టు కదుల్తుంది, చెయ్యి ఊపినా కుదుపుకి టైము తక్కువ చెదురుతుంది, కానీ స్ప్రింగు త్వరగా ఖర్చవుతుంది, అరుగుదల కూడా కాస్త ఎక్కువే. స్విస్ వాళ్ళే పవర్‌మాటిక్ 80 అనే మెషీన్‌లో 28,800ని 21,600కి తగ్గించి, స్ప్రింగుని కూడా మెరుగుపరిచి 80 గంటలు నడిచేలా చేశారు.

ఇన్‌హౌస్ అనే మాట మీద నాకు కొంచెం కోపం ఉంది. కంపెనీ సొంత మెషీన్ ఉంటేనే అసలైన వాచీ, వేరేవాళ్ళ దగ్గర కొని పెడితే తక్కువ అని కొత్తగా ఈ పిచ్చిలోకొచ్చే పిల్లలకి ఎక్కించేస్తున్నారు. రోలెక్స్ డేటోనా ఎంత పేరున్న వాచీ, 1988 నుంచి 2000 దాకా దానిలో నడిచింది జెనిత్ వాళ్ళ ఎల్ ప్రిమెరో మెషీనే, రోలెక్స్ వాళ్ళు మార్పులు చేసుకుని వాడారు. మన హెచ్ఎంటీ మెషీన్ పుట్టింది సిటిజన్ డిజైన్‌లోంచి. ఇంకొకళ్ళ మెషీన్ పెట్టుకోవడం నామోషీ కాదు, పైగా ఈటీఏ 2824, సెలిటా ఎస్‌డబ్ల్యూ200, సైకో ఎన్‌హెచ్35, మియోటా 8215 లాంటి మెషీన్లు ఎన్నో కంపెనీల వాచీల్లో ఉంటాయి కాబట్టి వాటిని విప్పడం వచ్చినవాళ్ళు ఎక్కువ, పార్టులు ఎక్కువ. ఎన్‌హెచ్35 మరీ పాడైతే మొత్తం మెషీన్ కొత్తది కొన్ని వేలకే వస్తుంది, తీసి పెట్టేయడమే. చిన్న కంపెనీ ఒకటి గొప్పగా తయారుచేసిన సొంత మెషీన్ పదేళ్ళ తర్వాత ఆగిపోతే, ఆ కంపెనీ అప్పటికి లేకపోతే, దాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్తాం?

టైము సరిగ్గా చూపిస్తుందా అంటే, క్వార్ట్జ్‌తో పోల్చకండి. రోజుకి 86,400 సెకన్లు, అందులో 20 సెకన్లు తేడా వచ్చినా వందకి 0.023 వంతు, నూనె చుక్కలతో ఉక్కు ముక్కలతో నడిచే యంత్రానికి అది చాలా గొప్ప. ఎన్‌హెచ్35కి కంపెనీ చెప్పే హద్దు రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా. టైము సరిగ్గా చూపిస్తుందని పరీక్షించి ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కి సగటున 4 వెనక, 6 ముందు దాటకూడదు. నాన్న జనతా సర్వీసింగ్ అయ్యాక రోజుకి 12 సెకన్లు ముందుకెళ్తోంది, వారానికోసారి సరిచేస్తే సరిపోతుంది. ఫోన్‌లో మైకు దగ్గర వాచీ పెడితే చప్పుడు విని రేటు చెప్పే యాప్‌లున్నాయి, సర్వీసింగ్‌కి ముందూ తర్వాతా చూసుకోండి.

బాగా నడిచే వాచీ ఉన్నట్టుండి రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకు పరిగెడితే కంగారుపడొద్దు, సాధారణంగా అయస్కాంతం పట్టి ఉంటుంది. ఫోన్ స్పీకరు, ఇయర్‌బడ్స్ డబ్బా, హ్యాండ్‌బ్యాగ్ బటను, వీటి పక్కన రాత్రంతా పెడితే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది. దిక్సూచి దగ్గర పెడితే దాని ముల్లు ఊగుతుంది, అలా తెలుస్తుంది. చిన్న మిషన్‌తో అయస్కాంతం తీసేయడం అర నిమిషం పని, దానికి సర్వీసింగ్ డబ్బులు తీసుకుంటే ఒప్పుకోవద్దు.

ఆటోమేటిక్కా, కీ ఇచ్చేదా? ఆటోమేటిక్‌లో అర్ధచంద్రంలా ఉన్న బరువు చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగుని చుడుతుంది. ఎప్పటికీ ఆగదు అనుకుంటారు, అది తప్పు, చాలావాటికి 40 గంటల దాకానే, శుక్రవారం సాయంత్రం తీసి టేబుల్ మీద పెడితే సోమవారం పొద్దున ఆగిపోయి ఉంటుంది. రోజూ ఒకే వాచీ పెట్టుకునేవాళ్ళకి ఆటోమేటిక్ సుఖం. నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళకి కీ ఇచ్చేదే సుఖం, పల్చగా ఉంటుంది, పార్టులు తక్కువ, విప్పడం తేలిక. నాకు కీ వాచీయే ఇష్టం, పొద్దున్నే ఇరవై ముప్ఫై సార్లు తిప్పుతుంటే వేలికి స్ప్రింగు బిగుసుకోవడం తెలుస్తుంది, ఆ బిగువు దగ్గర ఆపేయాలి. తేదీ ఉన్న వాచీ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని త్వరగా తిప్పొద్దు, ఆ టైములో తేదీ చక్రం పళ్ళు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ఇది తెలియక వాచీలు పాడుచేసుకున్నవాళ్ళని చాలామందిని చూశా.

మన వాతావరణం గురించి కూడా ఒక మాట. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకి దూకొచ్చని కాదు, చేతులు కడుక్కుంటే తుంపర పడినా పర్లేదని, అంతే. ఈతకి కనీసం 100 మీటర్లది కావాలి. పాత హెచ్ఎంటీలకి అదీ ఉండదు, రబ్బరు వాషర్లు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. కోస్తా ఉక్కలో తోలు బెల్టు ఒక్క వేసవికే చెమట ఉప్పుతో తెల్లగా పొరలు కట్టి వాసనొస్తుంది, మే నెలలో నైలాన్ బెల్టు పెట్టుకోండి. గ్లాసు సంగతంటారా, సఫైర్ అంత తేలిగ్గా గీతలు పడదు, పాతవాటికి ఉండే ప్లాస్టిక్ గ్లాసు గీతలు పడుతుంది కానీ టూత్‌పేస్ట్‌తో మెత్తటి గుడ్డతో రుద్దితే పోతాయి, పగిలినా కొత్తది వంద రెండొందల్లో వచ్చేస్తుంది.

పాత వాచీలు కొనేవాళ్ళు ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 2,800 పెట్టి హెచ్ఎంటీ పైలట్ కొన్నా, ఫోటోలో నల్ల డయల్ మెరిసిపోతోంది, ఆకుపచ్చ అంకెలు, నలభై ఏళ్ళ వాచీ అయినా నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది. పెద్దాయనకి చూపిస్తే భూతద్దం పెట్టి ఒక్క క్షణం చూసి నాకిచ్చాడు, నువ్వే చూడు అని. అక్షరాల అంచులు సిరా పీల్చిన కాగితంలా పాకి ఉన్నాయి, నిమిషాల గీతలు కొన్ని వంకర, ముళ్ళు వేరే వాచీవి, రెండింటి రంగూ కలవలేదు. పాత డయల్ గీకేసి మళ్ళీ రంగేసి అచ్చేశారు. దీన్ని రీడయల్ అంటారు, ఎరుపు, నారింజ, నీలం, నెమలి రంగు, కంపెనీ ఎప్పుడూ చెయ్యని రంగుల్లో ఇవి వేలకొద్దీ అమ్ముడవుతున్నాయి, విదేశాల్లో సేకరించేవాళ్ళు వీటికి బాంబే స్పెషల్ అని పేరు పెట్టుకున్నారు. డబ్బు పోయిందని కాదు నా బాధ, ఆ డయల్ కింద ఒకప్పుడు అసలు డయల్ ఉండేది కదా, మరకలతో, పసుపెక్కి, ఎవరో ఒకరి చేతి మీద ముప్ఫై ఏళ్ళు ఎండలు చూసింది, దాన్ని గీకేశారు. అందుకే మీ ఇంట్లో వాచీ సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు గట్టిగా చెప్పండి, డయల్ ముట్టుకోవద్దు, కేసు పాలిష్ చెయ్యొద్దు, మెషీన్ ఒక్కటే కడగండి అని. చెప్పకపోతే మంచి చేస్తున్నామనుకుని మెరిపించి ఇస్తారు.

ఇంతా విని "సరే, నేనేం కొనాలి" అంటే, మీ దగ్గర మంచి రిపేరు మనిషి ఉంటే ముందు ఇంట్లో బీరువాలు వెతకండి, నాన్నదో తాతదో దొరికితే దాన్ని నడిపించండి, లేకపోతే అసలు డయల్ ఉన్న హెచ్ఎంటీ ఒకటి, మచ్చలున్నా సరే, తీసుకోండి. మనిషి దొరకని ఊళ్ళో ఉంటే కొత్తది, ఎన్‌హెచ్35 లాంటి మెషీన్ ఉన్నది తీసుకుని హాయిగా వాడుకోండి. డల్లాస్ మిత్రుడికీ అదే చెప్పా, అక్కడ విప్పే మనిషి గంటకి తీసుకునే డబ్బుకి వాచీ వస్తుంది. స్విస్ వాచీ కొనే స్తోమత ఉంటే ఈటీఏ, సెలిటా మెషీన్లున్నవి చూడండి. ఏదైనా డయల్ వెడల్పు ఒక్కటే చూసి కొనొద్దు, బెల్టు తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఎంతుందో చూడండి, అది మణికట్టు దాటి బయటికి వచ్చిందంటే ఎంత ఖరీదైనా చేతికి అతకదు. జనతా 35 మిల్లీమీటర్లే, ఈ రోజుల్లో చిన్నదంటారు, నాన్న చేతికి ఎలా ఉండేదో నా చేతికీ అలాగే ఉంది.

ఇప్పుడు నేను వెతుకుతున్నది ఆల్విన్. ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు సైకో సహకారంతో వాచీలు కూడా చేశారని చాలామందికి గుర్తులేదు. పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కీ ఇచ్చే ఆల్విన్ ఒకటి దొరికింది, డయల్ అసలుదే, ఆరు అంకె దగ్గర చిన్న తేమ మరక. ఎప్పుడో కింద పడినట్టుంది, బ్యాలెన్స్ స్టాఫ్, అంటే బ్యాలెన్స్ వీల్ ఇరుసు, కొస విరిగింది. హెచ్ఎంటీకి దొరికినట్టు దీనికి పార్టులు దొరకవు. పెద్దాయన దాన్ని కాగితం పొట్లంలో చుట్టి, మీద పెన్సిల్‌తో నా పేరు రాసి, సాక్రిన్ డబ్బాల పక్కన పెట్టాడు. "ఇంకో చచ్చిపోయిన ఆల్విన్ పట్రా బాబూ, రెండూ కలిపి ఒకటి బతికిద్దాం" అన్నాడు. మీ ఇళ్ళల్లో ఎక్కడైనా ఆల్విన్ ఉంటే పారేయకండి, నాకు చెప్పండి.